గూడు చూపే వాచీ

వాచీ కొనడానికి వచ్చేవాళ్లు ముందు రంగు అడుగుతారు. నలుపుందా, నారింజ పట్టీది ఉందా, అది కాస్త తీసి చూపించండి. నేను ఏదీ తీయకుండా, "ఎక్కడికెళ్తారు?" అని ఎదురడుగుతాను. కొందరికి మూతి ముడుచుకుంటుంది. ముడుచుకోనీ. విశాఖపట్నంలో కొండలెక్కేవాళ్లకి సామాన్లమ్మే దుకాణం పెట్టుకుని బతుకుతున్నదాన్ని, ఆ మాత్రం అడిగే హక్కు నాకుంది. కైలాసగిరి దాటి ఎక్కనివాడికి ఎత్తు కొలిచే వాచీ అంటగడితే, ఆనక వాడు తిట్టేది నన్నే.

పరుగులు తీసేవాళ్లకి తేలికైనది చాలు. అడవిలో రాత్రుళ్లు ఉండేవాళ్లు ముందు బ్యాటరీ చూసుకోవాలి. చెట్ల కింద, లోయల్లో ఉపగ్రహాల సంకేతం తడబడుతుంది కాబట్టి దాన్ని తట్టుకునే రకం కావాలి. వానలో తడి వేళ్లతో తెర మీద ఎంత రుద్దినా పలకదు, అందుకని పక్కన బటన్లున్నదే తీసుకోమంటాను. మొన్నొకాయన వచ్చి, "హంటింగ్ వాచీ ఉందా మేడం?" అన్నాడు. ఏం వేటాడతారని అడిగితే సిగ్గుపడి, "పిట్టల్ని. కెమెరాతో" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నా దుకాణంలో వినేవాళ్లు బాగుపడే వెళ్తారు.

ఇన్ని చెప్పి, వాచీ చేతికి కట్టి పంపేటప్పుడు ఆఖరి మాటొకటి చెబుతాను. "బయల్దేరేచోట ఒక్క నిమిషం ఆగి ఈ బటన్ నొక్కండి. అది నొక్కితేనే వెనక్కి దారి చూపిస్తుంది." అందరూ తలూపుతారు. ఒక్కరూ నొక్కరు. జీపు దిగగానే డ్రైవరుతో పేచీ, ఇడ్లీ పొట్లాలు, అందరూ వరసగా నిలబడి ఫోటోలు, ఈలోగా ఎవరో "పదండి పదండి" అంటారు. దారి తప్పాక రొప్పుతూ వాచీ వైపు చూస్తే, పాపం దానికి మాత్రం ఎలా తెలుస్తుంది, ఎక్కడికి తీసుకెళ్లాలో?

ఈ మర్చిపోయేవాళ్లలో అందరికన్నా ముందుండేది మా ఆయన భానోజీరావు. ఓడరేవులో క్రేన్ల దగ్గర ఉద్యోగం. ఆదివారాలు మా దుకాణానికి వచ్చేవాళ్లని గుంపుగా కొండలకి తీసుకెళ్తారు. కొన్నాళ్లుగా గుంపు లేని ఆదివారాలు కూడా ఒక్కరే పోవడం మొదలుపెట్టారు. చీకటి పడ్డాక వస్తారు. "ఇంతసేపూ ఏం చేశారు?" అంటే, "ఏం లేదు" అంటారు. మా ఇంట్లో మాట్లాడే పని నాది, ఊఁ కొట్టే పని ఆయనది. పెళ్లయిన నాటి నుంచీ ఈ పంపకం ఇలాగే సాగుతోంది, ఎవరూ ఫిర్యాదు చేసింది లేదు.

"మర్చిపోయే పని మనిషికే అప్పగించి, మర్చిపోయాడని తిడితే ఎలా వదినా?" అంది మృణాళిని ఒకనాడు భోజనాల దగ్గర.

మృణాళిని మా ఆయన చెల్లెలు. మా మేడ మీదే ఉంటుంది. పెళ్లి మాటెత్తితే పప్పులో ఉప్పు తక్కువైందంటుంది. ఊరి చివర చిన్న ప్రయోగశాల పెట్టుకుని, చేతి వాచీల లోపలి యంత్రాలు తయారుచేస్తుంటుంది.

"మనిషికి కాకపోతే ఎవరికప్పగిస్తావు?" అన్నాను.

"ఒంటికి. నువ్వు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతావు చూడు, అప్పుడు నీకు తెలీకుండానే ఒళ్లు మెత్తబడుతుంది. నాడి నెమ్మదిస్తుంది, ఊపిరి కిందికి దిగుతుంది, మణికట్టులో నరాలు సడలతాయి. ఏ చోట మాటిమాటికీ అలా జరుగుతోందో వాచీ కనిపెట్టుకుని ఉంటుంది. అదే నీ గూడు. దారి తప్పి, నాడి పరిగెత్తి, తిరిగినచోటే తిరుగుతున్నావనుకో, అదే మేలుకుని గూడు వైపు నడిపిస్తుంది. నువ్వేం నొక్కక్కర్లేదు."

"ఇల్లు అలకగానే పండగ కాదమ్మాయ్" అన్నాను.

రెండేళ్లు కష్టపడి చేసింది. దానికి 'గూడు' అనే పేరు పెట్టింది. పటం లేదు, బాణం గుర్తు లేదు. దారి తప్పిన మనిషి బెదిరిపోయి తెర చదవలేడట, అందుకని వాచీ అడుగున సన్నటి రేకు అమర్చింది. ఎడమకి తిరగాలంటే మణికట్టుకి ఎడమ పక్క, కుడికి తిరగాలంటే కుడి పక్క చిటికెన వేలితో తట్టినట్టు తడుతుంది. సరైన దిక్కుకి తిరిగితే ఊరుకుంటుంది. గూడు ఏదో నేర్చుకున్న రోజున మాత్రం రెండు పక్కలా ఒకేసారి, రెండుసార్లు మెల్లగా తడుతుంది. ఆ చోటు ఎక్కడో మాత్రం బయటపెట్టదు. చేసిన మృణాళిని కూడా చూడలేదు. "మనుషుల ఇళ్ల జాడలు నా దగ్గర పోగేసుకోవడం నాకిష్టం లేదు వదినా" అంది. నాకు ఆ మాట నచ్చింది.

తెలిసినవాళ్లకి కొందరికి ఇచ్చి, కొన్ని వారాలు పెట్టుకోమంది. ఆ తర్వాత అందరినీ కంబాలకొండ అడవికి తీసుకెళ్లి, కళ్లకి గంతలు కట్టి, గిరగిరా తిప్పి వదిలింది. చాలామంది తమ ఇళ్లున్న దిక్కుకే తిరిగారు. బ్యాంకులో పనిచేసే ఒకాయన మాత్రం ఇల్లు మధురవాడలో ఉంటే తీరా సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. గంతలు విప్పాక మొహం ఎర్రబడి, "ఇది తప్పు చూపిస్తోందండీ" అన్నాడు. మృణాళిని, పాపం, లోపం ఎక్కడుందో అని తల పట్టుకుంది. ఆమె సొంత వాచీ ప్రయోగశాల వైపు లాగింది. "అందులో వింతేముంది, నేను పడుండేది అక్కడేగా" అని నవ్వింది. మా ఆయన గంతలతోనే అటూ ఇటూ తిరిగి, "బాగానే ఉంది, ఇంటి వైపే" అని వెంటనే వాచీ విప్పేశారు.

నా వాచీ ఏ వైపూ తట్టలేదు. అసలు అది గూడే నేర్చుకోలేదు. "నీ పీసు చెడిపోయిందొదినా" అని మృణాళిని రెండుసార్లు మార్చి కొత్తది ఇచ్చింది. కొత్తదీ అంతే. నా చేతికొచ్చేసరికి అన్నీ ఇంతేనని నేనూ నవ్వాను.

కొన్నాళ్లకి మా ఆయన వాచీకి పట్టీ కొక్కెం విరిగింది. అది నేర్చుకున్నదంతా మృణాళిని ఇంకోదానిలోకి ఎక్కించి ఆయనకిచ్చింది. పాతదాన్ని పారెయ్యడం నాకు చేతకాదు. కొక్కెం వేయించి సంచీలో పడేసుకున్నాను.

చైత్రమాసం. ఆ ఆదివారం గుంపుని అనంతగిరి కొండల్లో వంజరిగుడ అనే ఊరి మీదుగా పైకి తీసుకెళ్తున్నారు. బయల్దేరేముందు, "ఆ గూడు ఇంకా పరీక్షలో ఉంది. రెండో చేతికి మామూలుది కూడా పెట్టుకోండి. ఆపదొస్తే కబురు పంపుతుంది" అన్నాను.

"రెండు చేతులకి రెండు వాచీలా? పగటివేషగాడిలా ఉంటాను" అని నవ్వి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి గుంపుని క్షేమంగా రోడ్డు మీదికి దింపారట. ఒకావిడ కెమెరా సంచీ పైన మరిచిపోయానందని, మీరు టీ తాగుతుండండి, ఇప్పుడే తెస్తానని ఒక్కరే వెనక్కెళ్లారట. ఆ వెనకే ఉరుముల వాన పట్టుకుంది. వాన తగ్గాక మబ్బొచ్చి కొండ మీద కూర్చుంది. మనిషి దిగలేదు. గుంపులో కుర్రాడొకడు సిగ్నల్ దొరికేదాకా జీపులో కిందికొచ్చి నాకు ఫోన్ చేశాడు.

నేనూ మృణాళినీ తెల్లారేసరికి వంజరిగుడలో ఉన్నాం. మబ్బు ఇంకా వదల్లేదు. ఫారెస్టువాళ్లు వచ్చారు. ఊరి మగవాళ్లు సగం మంది లేరు. ఇటుకల పండగ రోజులవి, కొండ ఊళ్లవాళ్లు చేసుకునే వేట పండగ. విల్లంబులు పట్టుకుని మగవాళ్లు కొండ మీదికి వేటకెళ్తారు. ఇప్పుడు జంతువుల్ని కొట్టకూడదు కాబట్టి వేట పేరుకే మిగిలింది గానీ, ఉత్తచేతుల్తో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పొయ్యడం మాత్రం మానలేదు. ఊరి మొదట్లో కుండలు సిద్ధంగా ఉన్నాయి. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్నే.

ఫారెస్టు ఆఫీసరు చెప్పింది సబబుగానే ఉంది. దారి తప్పినవాళ్లు నీళ్ల వెంబడి కిందికే దిగుతారు, వాగు పొడుగునా వెతుకుతున్నాం అన్నాడు. మృణాళిని వాచీ సంగతి చెప్పింది. "ఇంటి వైపు లాగుతుందంటున్నారు కదమ్మా, మరి మీ ఇల్లు వైజాగు. అంటే ఇటు, రోడ్డు వైపే వచ్చి ఉండాలి. వాగు కూడా ఇటే" అన్నాడాయన. ఉన్న మనుషుల్లో చాలామందిని అటే పంపాడు.

అప్పుడు గుర్తొచ్చింది నా సంచీలో ఉన్న పాత వాచీ. అది మా ఆయన ఒంటిని నేర్చుకున్నది. ఆయన చేతిది ఎటు లాగిందో, ఇదీ అటే లాగాలి.

చేతికి కట్టుకున్నాను. మృణాళిని వచ్చి, పరీక్షల కోసం పెట్టుకున్న బటన్ నొక్కిపెట్టి దాన్ని మేలుకొలిపింది. నేను రోడ్డు వైపు, మా ఇంటి వైపు తిరిగి నిలబడ్డాను. ఊరుకుంటుందనుకున్నాను. మణికట్టుకి కుడి పక్క టక్‌మని తట్టింది. మళ్లీ తట్టింది. కాస్త కుడికి తిరిగాను. తడుతూనే ఉంది. ఇంకా తిరిగాను. ఇంటికి పూర్తిగా వీపు పెట్టి, మబ్బులో మునిగిన కొండ వైపు తిరిగాక అది ఊరుకుంది.

నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ రోడ్డు వైపు తిరిగాను. మళ్లీ కొండకే తిప్పింది. ఇంకోసారి చూశాను. గుంపులో వాళ్లంతా, అంటే నా దుకాణంలో వాచీలు కొన్నవాళ్లంతా, టీ గ్లాసులు పట్టుకుని నన్నే చూస్తున్నారు.

మృణాళిని మొహం పాలిపోయింది. దగ్గరికొచ్చి మెల్లగా, "వదినా, అది పాతది. పట్టీ విరిగి కింద పడిందిగా, లోపలేదో చెడి ఉంటుంది. పట్టించుకోకు" అంది.

ఆమె నా పరువు కాపాడటానికి చూస్తోంది. ఔనంటే చాలు, వాచీ చెడిపోయిందని అందరూ అనుకుంటారు, వాగు వెంట వెతుకుతారు, నేను రోడ్డు పక్కన కూర్చుని ఏడవొచ్చు. నాకు కంబాలకొండలో ఆయన గంతలతో తిరగడం కళ్లకి కట్టింది. 'ఇంటి వైపే' అన్నారు. ఎటు లాగిందో ఆయన మణికట్టుకి తప్ప ఇంకెవరికి తెలుసు? నా కడుపు మండిపోయింది. అక్కడ ఎవరున్నారో! ఆదివారాలన్నీ ఎవరి దగ్గర కరిగిపోయాయో! అంత మంటలోనూ ఒకటి మాత్రం తెలుస్తూనే ఉంది. ఇప్పుడు నేను నోరు విప్పకపోతే ఆయన ఆ కొండ మీదే పోతారు.

"నువ్వు చేసిన వస్తువు మీద నువ్వే అబద్ధం చెప్పకు మృణాళినీ" అన్నాను. ఆఫీసరు దగ్గరికెళ్లి అందరూ వినేలాగే చెప్పాను. "మా ఆయన అటు పోయి ఉంటారు. పైకి."

"పైకా? ఇంటి వైపని కదమ్మా..."

"ఆయన ఒళ్లు ఇల్లనుకునే చోటు అటుంది. మా ఇల్లు కాదు. వాచీ తప్పేం లేదు. మనిషిని తోడివ్వండి."

అంత గట్టిగా ఎలా అన్నానో ఇప్పటికీ తెలీదు.

ఏదో పనుండి వేటకి వెళ్లకుండా ఊళ్లో ఉండిపోయిన పాంగి సోమన్న అనే ఆయన, ఇద్దరు గార్డులు, మేమిద్దరం బయల్దేరాం. సోమన్నకి ఇది బొత్తిగా నచ్చలేదు. "అటేపు ఏటీ నేదమ్మా. ఎప్పుడో కాఫీ తోట కాపలాకి కట్టిన గది ఒకటుండీది. సగం రేకులెగిరిపోనాయి. ఎవులూ ఎల్లరు" అన్నాడు. ఎవరూ వెళ్లని చోటే కదా దాచుకునేదని నేను లోపల అనుకున్నాను.

మబ్బులో నాలుగడుగుల ముందు మనిషి కనిపించడం లేదు. నేను ముందు నడిచాను. ఎడమకి తడితే ఎడమకి, కుడికి తడితే కుడికి. మొగుడి వాచీ చేతికి కట్టుకుని, ఆయన ఒంటికి ఎక్కడ హాయో అక్కడికి ఆయన ఒళ్లే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటే, ఆ నడక ఎలా ఉంటుందో ఏ ఆడదానికైనా చెప్పక్కర్లేదు. అంతకుముందు వారంలోనూ వాన పడిందేమో, కాఫీ మొక్కలు తెల్లగా పూసి ఉన్నాయి. మల్లెల వాసన. ఆ వాసనకి నా మంట ఇంకా పెరిగింది. రావే, చెబుతాను నీ సంగతి, అని ఎవరో తెలియని ఆవిడతో దారి పొడుగునా దెబ్బలాడుతూనే ఉన్నాను.

తట్టడం ఆగింది. ఎదురుగా గది కనిపించింది. సోమన్న చెప్పినట్టే సగం రేకులు లేవు. "భానోజీ!" అని మృణాళిని అరిచింది. ఆమెకి అన్నని పేరు పెట్టి పిలవడం చిన్నప్పటి అలవాటు. లోపలి నుంచి చిన్న మూలుగు వినబడింది.

మిగిలిన రేకు కింద, గోడకి ఆనుకుని ఉన్నారు. చీలమండ వాచి కుండలా ఉంది. పెదాలు నీలంగా, పళ్లు టకటకలాడుతూ. కెమెరా సంచీ మాత్రం ఒళ్లో భద్రంగా ఉంది. గార్డులు దుప్పటి కప్పి, వేడినీళ్లు పట్టించారు. బతికే ఉన్నారు. బతికే ఉన్నారని తెలిశాక నేను చేసిన మొదటి పని, సిగ్గు విడిచి చెబుతున్నాను, గది అంతా వెతకడం.

ఒక చాప. ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ, కాలొకటి విరిగితే తీగతో కట్టింది. ఒక స్టీలు గ్లాసు. టీపొడి డబ్బా. చిన్న గిన్నె. రెండో గ్లాసు కోసం చూశాను. జడపిన్ను కోసం, గాజు ముక్క కోసం చూశాను. ఏం లేవు. ఒక్క గ్లాసు, ఒక్క కుర్చీ. కుర్చీ వాకిలి వైపు తిప్పి ఉంది. అక్కడి నుంచి చూస్తే కాఫీ పూలు, ఆ వెనక మబ్బు, అంతే.

"ఎలా వచ్చావు?" అన్నారు ఆయన.

"మీ వాచీ తీసుకొచ్చింది" అని చెయ్యి చూపించాను.

ఆయన చూసి కళ్లు దించుకున్నారు. "నీ మీద కోపమేం కాదు హైమా" అన్నారు. "ఓడరేవులో రోజంతా ఒకటే మోత. ఇంటికొస్తే... ఇల్లు ఇల్లే. ఇక్కడ మాత్రం ఎవరూ ఏం అడగరు. నేనేం చెప్పక్కర్లేదు. ఒకసారి వాన పడుతుంటే ఆగాను. తర్వాత ఊరికే రావడం అలవాటైంది. దారి తప్పాక వాచీ తడుతుంటే ఇటే నడిచాను. అది లాగేది ఈ గదికేనని తెలుసు, రోడ్డు ఇటు కాదని తెలుసు. కాళ్లు వినలేదు."

"ఇక్కడ ఒక ఆడది ఉంటే జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చేదాన్ని" అన్నాను. "ఈ కుర్చీని ఏం చెయ్యమంటారు?"

ఏడుపొచ్చింది. ఆయన బతికినందుకు కొంత, ఈ కుర్చీతో దెబ్బలాడలేనందుకు కొంత. మృణాళిని బయటికెళ్లి నిలబడింది.

కర్రలకి దుప్పటి కట్టి ఆయన్ని మోసుకుంటూ దిగేసరికి మధ్యాహ్నం అయింది. మబ్బు విడిపోయి ఎండ కాసింది. ఊరి మొదట్లో ఆడవాళ్లు కుండలతో అడ్డం నిలబడ్డారు. వేటకెళ్లినవాళ్లే తిరిగొస్తున్నారనుకున్నారు. ముందు నేను కనబడేసరికి తెల్లబోయారు. ఒక ముసలావిడ వెనకున్న డోలీని, నన్నూ మార్చి మార్చి చూసి, "ఒలమ్మ! ఈయమ్మ వేటకెల్లి మొగుణ్ణి కొట్టుకొచ్చినాదే!" అంది. అందరూ ఘొల్లుమన్నారు. "ఉత్తచేతుల్తో రానేదు, పేడనీళ్లు నేవు, పోనియ్యండి" అని ఆవిడే దారి ఇప్పించింది. సోమన్న కూడా నవ్వాడు. డోలీలో మా ఆయనా నవ్వారు. నేను నవ్వుదామనుకున్నాను గానీ, దొరికిన వేట నాదేనా అన్న సందేహం అడ్డం పడింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగొచ్చేటప్పుడు జీపులో నేనూ మృణాళినీ పక్కపక్కన కూర్చున్నాం. ఆమె నా రెండో చేతి వైపే చూస్తోంది. అక్కడ నా సొంత గూడు వాచీ ఉంది, ఎన్నడూ ఏ వైపూ తట్టనిది.

"వదినా, నీది చెడిపోలేదు" అంది.

"తెలుసు" అన్నాను. "డ్రైవరు వింటాడు, ఊరుకో."

ఆయన మంచం మీదున్నన్నాళ్లూ నేను మాటలు తగ్గించాను. గ్యాస్ సిలిండరు గోల, దుకాణంలో పనివాళ్ల గోల ఏవీ ఆయన చెవిన వెయ్యలేదు. అన్నం పెట్టి పక్కన కూర్చునేదాన్ని. కొన్నాళ్లు చూసి ఆయనకే కంగారు పుట్టింది. "ఏంటి, ఒంట్లో బాలేదా? దుకాణానికి పన్నులవాళ్లేమైనా వచ్చారా?" అని అడిగారు. మాట్లాడితే కొండలెక్కుతారు, మాట్లాడకపోతే బెంగపడతారు. ఏ మొగుడైనా ఇంతేనేమో. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఈసారి ఊఁ కొట్టడమే కాక మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేశారు.

మృణాళిని మాత్రం తేరుకోలేదు. వాచీని కొనడానికి ఒక పెద్ద కంపెనీ సిద్ధంగా ఉంది. ఒక సాయంత్రం ప్రయోగశాలకి వెళ్తే, పరీక్షకిచ్చిన వాచీలన్నీ వెనక్కి తెప్పించి బల్ల మీద పోసుకుని కూర్చుంది.

"ఒళ్లు మెత్తబడే చోటే ఇల్లనుకున్నాను వదినా. రెండూ ఒకటేనని ఎందుకనుకున్నానో" అంది.

"చాలామందికి ఒకటే అయ్యుంటుంది."

"ఎంతమందికి?"

మృణాళిని బల్ల మీది వాచీల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఆ బ్యాంకాయన నిన్న వచ్చాడు. ఎంత డబ్బైనా ఇస్తాను, నా వాచీ నాకిచ్చెయ్యండి అన్నాడు. ఇవ్వలేదు. రేపు దాన్ని వాళ్లావిడ కట్టుకుంటే? నీకైతే నీ మొగుడు దొరికాడు. ఆవిడకి ఏం దొరుకుతుందో నాకేం తెలుసు?" అని ఒక్కొక్క వాచీనీ తెరిచి, నేర్చుకున్నదంతా తుడిచెయ్యడం మొదలుపెట్టింది. తట్టే రేకు ఒక్కటి ఉంచింది. ఎటు తట్టాలో ఇకమీదట మనిషే బటన్ నొక్కి చెప్పాలి.

"మళ్లీ మర్చిపోతారు" అన్నాను.

"మర్చిపోనీ. తమంతట తాము నొక్కిన చోటికే తీసుకెళ్తుంది. అంతకుమించి తెలుసుకునే పని వాచీకి ఎందుకు?" అంది. రెండేళ్ల శ్రమని అలా తుడిచేస్తుంటే ఆమె కళ్లు కాస్త తడిగా ఉన్నాయి. నేను కూడా నా చేతిది విప్పబోతే ఆపింది. "నీది ఉంచుకో వదినా. అందులో తుడవడానికేం లేదుగా."

చీలమండ కుదిరాక మొదటి ఆదివారం ఆయన వంజరిగుడ వెళ్తానన్నారు. సంచీ సర్దుకుంటూ, "నువ్వూ రా. చూపిస్తాను, ఎండలో చూస్తే బాగుంటుంది" అన్నారు.

"అక్కడ రెండో కుర్చీ వేస్తే అది కూడా మన ఇల్లే అయిపోతుంది" అన్నాను. "మీరెళ్లి రండి. నేను రోడ్డు దాకా వస్తాను."

జీపు దిగారు. సంచీ తగిలించుకున్నారు. చేతికి మామూలు వాచీ పెట్టి పంపుతున్నాను, బటన్లున్నది, ఆపదొస్తే కబురు పంపేది. ఎప్పటిలాగే నొక్కడం మరిచిపోయి నడవబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. బటన్ నేనే నొక్కాను. బయల్దేరిన చోటు గుర్తుపెట్టుకున్నానని వాచీ చిన్నగా మోగింది.

"ఎక్కడికైనా పోండి. రావడం మాత్రం ఇక్కడికి" అన్నాను.

ఆయన నా మొహం కేసి చూసి, "ఊఁ" అన్నారు. ఆ ఊఁ వేరు. పెళ్లయినప్పట్నుంచీ వింటున్నాను, నాకు తెలీదా.

ఆ తర్వాత నాకూ ఆదివారాలు అలవాటయ్యాయి. రోడ్డు పక్కన టీ బడ్డీ ఉంది. దాని పక్కన ఒక చెక్క బల్ల. టీ తాగి కూర్చుంటాను. ఇక్కడ ఎవరూ నన్ను ఏ వాచీ ధర ఎంతని అడగరు. వంటేమిటని అడగరు. బడ్డీ ఆవిడకి నా పేరు కూడా తెలీదు. మబ్బు కొండ దిగి రోడ్డు దాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోతుంటుంది. అది చూస్తూ కూర్చుంటే పొద్దు ఎలా గడిచిందో తెలీదు.

వానలు ముగిసే రోజుల్లో ఒక ఆదివారం, అలా ఊరికే కూర్చుని ఉండగా, మణికట్టుకి రెండు పక్కలా ఏదో తాకింది. మెల్లగా, రెండుసార్లు.

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. చేతికున్న నా గూడు వాచీ మళ్లీ మామూలుగా, ఏమీ ఎరగనట్టు ఉంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది, ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, చాలా హాయిగా అనిపించింది.

కొండ దారిలో మా ఆయన దిగి వస్తూ కనిపించారు. దూరం నుంచే చెయ్యి ఊపారు. దగ్గరికొచ్చి, బల్ల మీద నా పక్కన కూలబడి, చెమట తుడుచుకుంటూ అడిగారు.

"ఇంతసేపూ ఏం చేశావు?"

నేను చీర కొంగు మణికట్టు మీదికి లాక్కున్నాను.

"ఏం లేదు" అన్నాను.